కోరల్ ఫోటోలు, అసలు రంగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

రొయ్యల చెరువుల పుణ్యమా అని మా గోదావరి డెల్టాలో నీటిలో ఉప్పు ఎంత ఉందో కొలవడం బడిపిల్లలకు కూడా తెలుసు. అందుకేనేమో భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టినవాళ్లు నన్ను నీటి గురించి పెద్దగా అడగరు. అడిగేదంతా ట్యాంకులో పెంచే కోరల్ (బతికిన పగడపు జీవి) ఫోటోల గురించే. "ట్యాంకులో చిలకపచ్చగా ఉంది, ఫోనులో నీలి ముద్దలా వచ్చింది, ఏం చేయాలి?" అని వారానికి ఇద్దరైనా పలకరిస్తారు. ఒకే జవాబు మళ్లీ మళ్లీ టైపు చేసే ఓపిక లేక ఇలా ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

కంటికి ఇంత బాగున్న రంగు ఫోటోలో ఎందుకు రాదు?

ట్యాంకు మీద వెలిగే ఎల్ఈడీల్లో సింహభాగం 450 నానోమీటర్ల దరిదాపుల్లోని ముదురు నీలం. కన్ను కాసేపట్లో ఆ నీలానికి అలవాటు పడి, దాన్ని పక్కన పెట్టి మిగతా రంగులను చూపిస్తుంది. కెమెరాకు ఆ విద్య రాదు. దాని సెన్సరు మీద ఉన్న చుక్కల్లో సగం పచ్చను, పావువంతు ఎరుపును, పావువంతు నీలాన్ని పట్టుకుంటాయి. ఈ లైటు కింద నీలం చుక్కలు నిండి పొర్లిపోతుంటే ఎరుపు చుక్కలు దాదాపు ఖాళీగా ఉంటాయి. కాలువ మీద ఒక తూము బార్లా ఎత్తి, పక్క తూములు దించేసినట్టన్నమాట. ఒక చేను మునుగుతుంది, పక్క చేను ఎండుతుంది.

"అసలు రంగు" అంటే ఏ లైటు కింద కనిపించేది?

ఈ సంగతి తేల్చుకోకుండా ఎడిటింగుకు కూర్చుంటే తెల్లవార్లూ స్లైడర్లు జరుపుతూనే ఉంటారు. మా అమ్మ చీర కొనేటప్పుడు కొట్లో ట్యూబులైటు కింద చూసి ఊరుకునేది కాదు. గుమ్మం దాకా పట్టుకొచ్చి వీధి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసేది. లోపల వంగపండు రంగు అనుకున్నది బయట నేరేడు రంగు అయ్యేది. చీరకు ఆ పరీక్ష చాలు. చీర తన మీద పడిన వెలుగును తిప్పి పంపుతుంది, అంతే.

కోరల్ అలా కాదు. దాని కండలోని కొన్ని ప్రోటీన్లు నీలి వెలుగును మింగి, దాన్ని పచ్చగానో నారింజగానో ఎర్రగానో బయటికి వదులుతాయి. ఈ కుటుంబంలో మొదట బయటపడ్డది జెల్లీఫిష్‌లోని పచ్చ ప్రోటీను. 1962లో దాన్ని వెలికితీసిన ఒసాము షిమోమురాకు, దాన్ని పరిశోధనకు పనిముట్టుగా మలిచిన మరో ఇద్దరికి 2008లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. జీవశాస్త్ర ప్రయోగశాలల్లో విరివిగా వాడే ఒక ఎర్ర ప్రోటీను అయితే మన ట్యాంకుల్లో పెరిగే డిస్కోసోమా అనే మష్రూమ్ కోరల్ నుంచి తీసినదే. తెల్ల లైటు కింద ఈ మెరుపు పట్టపగటి దీపంలా కనిపించీ కనిపించదు. నీలి లైటు కింద నిప్పులా లేస్తుంది. రెండు రంగులూ ఆ కోరల్‌వే.

అందుకని నేను పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే. ఆ లైటు కింద నా కంటికి కనిపించినదానితో ఫోటో సరితూగాలి, అది ఏ లైటో ఫోటో కింద రాయాలి. "నీలం 80, తెలుపు 20 శాతం" అని నాలుగు మాటలు రాస్తే చాలు. అవి లేకపోతే చూసేవాళ్లకు ఆ పచ్చ దేని పచ్చో తెలియదు.

ఉంగరంలో పెట్టుకునే పగడం, ట్యాంకులో కోరల్ ఒకటేనా?

దూరపు చుట్టాలు. కుజదోషానికని పెట్టుకునే ఎర్ర పగడం కొరాలియం అనే జీవి అస్థిపంజరం. పేరుపడ్డ రకం మధ్యధరా సముద్రానిది. ఆ ఎరుపు గట్టిభాగంలోనే ఉంటుంది కాబట్టి జీవి చచ్చినా పోదు. ట్యాంకులో మనం ఫోటో తీసేది పైనున్న బతికిన కండ రంగును. గట్టి రకాల్లో ఆ కండ చస్తే మిగిలేది సున్నపు ముక్క.

అంతర్వేది తీరంలో కోరల్ దొరుకుతుందా? తెచ్చి పెంచి ఫోటోలు తీద్దామని.

దొరకదు. దిబ్బలు కట్టే పగడాలకు తేటగా, ఉప్పగా ఉండే నీరు కావాలి. గోదావరి ఒండ్రు, మంచినీరు వచ్చి కలిసే చోట అవి నిలదొక్కుకోలేవు. మన దేశంలో వాటి చోటు ప్రధానంగా మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులు. అక్కడినుంచీ తెచ్చుకోకూడదు. 2001 నుంచి గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఎక్కడిదో చెప్పలేని ముక్కను ఎవరైనా చవకగా ఇస్తానంటే వద్దనండి.

ఫోను చాలా? కెమెరా కొనాలా?

ఫోనుతోనే మొదలుపెట్టండి. ప్రో మోడ్ ఉండి రా ఫైలు (సెన్సరు పట్టినది పట్టినట్టు, దిద్దకుండా దాచే ఫైలు) ఇచ్చే ఫోను అయితే చాలు. ఒక్క చిక్కుంది. వస్తువుకు దగ్గరగా వెళ్లగానే చాలా ఫోన్లు చెప్పాపెట్టకుండా వెడల్పు లెన్సుకు మారిపోతాయి. ఆ ఆటో మాక్రోను ఆపేసి, ఒక అడుగు వెనక్కి జరిగి, రెండింతల లెన్సుతో తీయండి.

కెమెరా ఉన్నవాళ్లకు 90 నుంచి 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు సుఖం. అయితే కొనేముందు మీ ఊళ్లో పెళ్లి ఫోటోల స్టూడియోలో ఒక మాట అడగండి. తాళిబొట్టు, ఉంగరాలు, గోరింటాకు చేతులు దగ్గరగా తీయడానికి వాళ్లు మాక్రో లెన్సు పెట్టుకుంటారు. మూఢాల్లో, ఆషాఢంలో అది బీరువాలోనే ఉంటుంది. నేను మొదటి రెండేళ్లూ అలా అడిగి తెచ్చుకున్న లెన్సుతోనే నెట్టుకొచ్చాను.

పసుపు ఫిల్టరు తప్పదా? నాటకాల లైట్లకు కట్టే జిలెటిన్ కాగితం పనికొస్తుందా?

నీలం బాగా ఎక్కువగా ఉండే ట్యాంకుకు, అందులోనూ ఫోనుతో తీసేవాళ్లకు, ఫిల్టరు పెద్ద సాయం. నీలాన్ని లెన్సు ముందే కొంత ఆపేస్తుంది కాబట్టి సెన్సరు మీద పచ్చకు, ఎరుపుకు చోటు దొరుకుతుంది. ఫోనుకు తగిలించేవి పసుపు, నారింజ అని రెండు ముదురుల్లో దొరుకుతాయి. తెలుపు కలిసిన లైటుకు పసుపు, అచ్చ నీలానికి నారింజ.

జిలెటిన్ కాగితం నేనూ వాడి చూశాను. తీర్థంలో నాటకానికి లైట్లు కట్టే ఆయన పసుపుది జానెడు ముక్క ఇచ్చాడు. రంగు వరకు ఫర్వాలేదు కానీ కాగితం ముడతల వల్ల పోలిప్‌ల (కోరల్ గుంపులోని పువ్వుల్లాంటి చిన్న జీవుల) అంచులు చెదిరిపోయాయి. సాగదీసి, ముడత లేకుండా లెన్సుకు అంటించగలిగితే పరీక్షకు సరిపోతుంది.

ఇంకో జాగ్రత్త. మరీ ముదురు నారింజ వేస్తే నీలం పూర్తిగా చచ్చిపోతుంది. నీలి కోరల్, నీలి చేప బూడిద రంగుకు దిగుతాయి. ఒకసారి సెన్సరుకే చేరని రంగును తర్వాత ఏ యాప్ కూడా తెచ్చి పెట్టలేదు.

## ట్యాంకు దగ్గర

ఫోటోకు ముందు ట్యాంకును ఎలా సిద్ధం చేయాలి?

అద్దాన్ని లోపల అద్దం రుద్దే మాగ్నెట్‌తో, బయట కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి. బయట ఎండిన ఉప్పు చారలు కంటికి ఆనవు, ఫోటోలో పొగమంచులా పడతాయి. నీరు పసుపు తిరిగి ఉంటే రెండు మూడు రోజుల ముందు ట్యాంకు నీటి ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. ఆ పసుపు కంటికి తెలియదు, తెల్ల ఇసుక ఫోటోలో తెలుస్తుంది.

తర్వాత గదిలో లైట్లన్నీ ఆర్పి, పంపులు ఆపి, ఐదారు నిమిషాలు ఆగండి. నీటిలో తేలే నలకలు కిందికి దిగుతాయి, పోలిప్‌ల ఊపు తగ్గుతుంది. పంపులు ఆపగానే ఫోనులో పావుగంటకు అలారం పెట్టండి. ఇది అలవాటుగా చెప్పే మాట కాదు. ఒక సాయంత్రం నేను పంపులు ఆపి ఫోటోలు తీసుకుని, అవి బాగా వచ్చాయన్న సంబరంలో భోజనానికి కూర్చున్నాను. మూడు గంటల తర్వాత చూస్తే చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుచుకుంటున్నాయి. చెరువులో ఏరేటర్ ఆగితే తెల్లవారుజామున రొయ్య ఎలా పైకి తేలుతుందో చూసినవాళ్లకు ఆ దృశ్యం వేరే చెప్పక్కర్లేదు.

రోజులో ఏ వేళ తీస్తే బాగుంటుంది?

లైటు పూర్తి వెలుగుకు చేరిన గంట, రెండు గంటల తర్వాత. అప్పటికి పోలిప్‌లు విప్పారి ఉంటాయి, లైటు ఇంకా పెరుగుతూనో తగ్గుతూనో ఉండదు. మా వైపు కరెంటు పోయి వస్తే కొన్ని లైట్ల గడియారం మొదటికి వస్తుంది. ఫోటోకు ముందు అది ఏ వేళ అనుకుంటోందో ఒకసారి చూడండి. చేతులు చాచి తిండి పట్టుకునే దృశ్యం కావాలంటే మాత్రం లైట్లు ఆరాకే.

అద్దంలో నా ముఖమే పడుతోంది. ఏం చేయాలి?

నల్ల చొక్కా వేసుకోండి, గది చీకటి చేయండి, లెన్సును అద్దానికి దాదాపు ఆనించండి. టీవీ కూడా కట్టేయించండి. ఇంట్లోవాళ్ల సీరియల్ అయ్యాక తీయడమే శాంతి మార్గం.

రంగు సరిచేయడానికి తెల్ల కాగితం పెడితే సరిపోదా? గ్రే కార్డు (రంగు సరిచూసే బూడిద రంగు అట్ట) ఎక్కడ పెట్టాలి?

తెల్ల కాగితం మోసం చేస్తుంది. చాలా కాగితాల్లో, సబ్బు పొడితో ఉతికిన తెల్ల బట్టల్లో, కాంతిని పెంచి చూపే మందులు ఉంటాయి. ఊదా లైటు పడగానే అవి సొంతంగా నీలంగా వెలుగుతాయి. దాన్ని తెలుపని నమ్మి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా కనిపించేలా రంగుల సర్దుబాటు) చేస్తే మిగతా ఫోటో పసుపు తిరుగుతుంది.

నేను వాడేది ప్లంబర్లు కుళాయి మరలకు చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు. అది అన్ని రంగులనూ దాదాపు సమానంగా తిప్పి పంపుతుంది, సొంతంగా వెలగదు, ఉప్పునీటిలో కరగదు. వెలుగును కొలిచే ప్రయోగశాలల్లో తెలుపుకు కొలబద్దగా పెట్టే పలకలను కూడా ఈ పదార్థంతోనే చేస్తారు. చేసే విధానం ఇదీ. బొటనవేలంత ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకోండి. టేపు పలచన, ఒక పొర చుడితే లోపలి రంగు కనిపిస్తుంది, కాబట్టి పదిహేను ఇరవై చుట్లు బిగుతుగా చుట్టండి. చివరను వేలితో రుద్దితే అతుక్కుపోతుంది. కింద ఒక చిన్న రాయి కట్టి, కోరల్ పక్కనే, అదే ఎత్తులో, లైటు నేరుగా పడేలా నిలబెట్టండి. దానితో ఒక ఫోటో, తీసేసి ఒక ఫోటో. రెండో ఫోటోకు మొదటిదాని వైట్ బ్యాలెన్స్ అతికిస్తే పని అయిపోయింది. గ్రే కార్డు ఉన్నా అది నీటి బయట పెట్టేది కాదు. ట్యాంకు లైటు పడేది నీటి లోపలే కదా.

మంచి కోణం కోసం చేయి పెట్టి కోరల్‌ను జరపవచ్చా?

జరపకపోతే మంచిది. ముట్టుకున్న కోరల్ ముడుచుకుని, విప్పారడానికి గంటలు తీసుకుంటుంది. జోవాంథిడ్‌ల (బిళ్లల్లాంటి పోలిప్‌లు గుంపుగా పెరిగే రకం) విషయంలో ఇంకా జాగ్రత్త. వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేతికి గాయం ఉంటే అసలు వద్దు, లేకపోయినా తొడుగులు వేసుకోండి, తర్వాత సబ్బుతో కడుక్కోండి. అవి అంటుకున్న రాయిని ఎప్పుడూ వేడినీళ్లలో వేయకండి.

## తీసేటప్పుడు

సెట్టింగులు అంకెల్లో చెప్పండి, అక్కడినుంచి నేను సర్దుకుంటాను.

కెమెరాకు: ఎపర్చర్ (లెన్సు తెరుచుకునే మేర) ఎఫ్ 8, షట్టర్ (వెలుగును లోపలికి వదిలే సమయం) సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ (వెలుగును పెంచి చూపే మేర) 400 నుంచి 800, రా ఫైలు. చేప కూడా ఫ్రేములో ఉంటే షట్టర్ 250వ వంతుకు పెంచండి. ఫోనుకు ఎపర్చర్ గొడవ లేదు. ఐఎస్ఓ 100 నుంచి 200, షట్టర్ 60వ వంతు చుట్టూ, ఫోకస్ చేత్తో. ట్రైపాడ్ లేనివాళ్లు గుడ్డ సంచిలో కిలో బియ్యం పోసి స్టూలు మీద పెట్టి, ఫోనును అందులోకి కాస్త అదిమి, రెండు సెకన్ల టైమరు పెట్టండి. ఖరీదైన స్టాండు కన్నా కదలకుండా నిలుస్తుంది.

వెలుగు సరిగ్గానే ఉంది కానీ కోరల్ మీద వివరమే లేదు, నీలి మచ్చలా ఉంది. ఎందుకు?

నీలం చానల్ (ఫోటోలో నీలం పాలు) నిండిపోయి, వివరం తెగిపోయింది. కెమెరా చూపే మామూలు హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) మూడు రంగుల సగటు లాంటిది, అందులో పచ్చకు బరువెక్కువ. అది నడిమధ్యన ఉన్నా నీలం ఒక్కటే కుడిగోడకు గుద్దుకుని ఉండవచ్చు. ఎరుపు, పచ్చ, నీలం విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ ఆన్ చేసి, నీలం గోడను తాకనంత వరకు వెలుగు తగ్గించి తీయండి. ఒక స్టాపు (అంటే వెలుగు సగానికి), ఒక్కోసారి రెండు స్టాపులు తగ్గించాలి. కెమెరా తెర మీద ఫోటో చీకటిగా కనిపిస్తుంది, కంగారు పడకండి. చీకటిని తర్వాత ఎత్తవచ్చు, తెగిపోయిన నీలాన్ని అతకలేం.

వైట్ బ్యాలెన్స్ 10,000 కెల్విన్ (లైటు రంగును కొలిచే అంకె) దాకా తిప్పాను, ఇంకా నీలంగానే ఉంది.

చాలా కెమెరాల్లో, ఫోన్లలో ఆ అంకె అక్కడితో ఆగిపోతుంది. ట్యాంకు లైటు దానికి ఎంతో ఎగువన ఉంటుంది. రా ఫైలు తీస్తే తర్వాత లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో 50,000 కెల్విన్ దాకా వెళ్లవచ్చు. జేపెగ్ (ఫోనే దిద్ది కుదించిన మామూలు ఫోటో) మాత్రమే ఇచ్చే ఫోను అయితే తీసేటప్పుడే ఫిల్టరు వేయడం, లేదా ఫోటో తీసే పది నిమిషాలూ లైటులో తెలుపు పాలు పెంచడం తప్ప దారి లేదు. ఆ పది నిమిషాల తెలుపుతో కోరల్‌కు ఏమీ కాదు.

ఫోటోలో అడ్డంగా నల్లటి చారలు వస్తున్నాయి. ఫోను పాడైందా?

లేదు. వెలుగు తగ్గించి పెట్టిన ఎల్ఈడీ నిజానికి మన కంటికి అందనంత వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. సెన్సరు ఫోటోను వరుసలు వరుసలుగా చదువుతుంది కాబట్టి ఆరిన క్షణాలు చారలవుతాయి. షట్టర్‌ను 60వ వంతుకో 30వ వంతుకో తగ్గించండి. అయినా పోకపోతే ఆ కాసేపు లైటును నూటికి నూరు పెట్టండి. చాలా లైట్లలో చారలు మాయమవుతాయి.

పక్కనుంచి తీస్తే అంచుల్లో ఎరుపు, నీలం విడిపోతున్నాయి.

వెలుగు అద్దంలోంచి ఏటవాలుగా వస్తే ఒక్కో రంగు ఒక్కోలా వంగుతుంది. లెన్సును అద్దానికి నిలువుగా, సరిగ్గా ఎదురుగా పెట్టడమే మందు. కోణం మార్చాలంటే మీరు ట్యాంకు పొడవునా జరగండి, లెన్సును తిప్పకండి. ముందు అద్దం గుండ్రంగా వంగిన ట్యాంకు అయితే పక్క అద్దాన్ని నమ్ముకోండి.

పైనుంచి తీసిన ఫోటోలు ఎందుకంత బాగుంటాయి? నేనెలా తీయాలి?

కోరల్ పైకే చూస్తుంది, వెలుగు పైనుంచే పడుతుంది. మధ్యలో అద్దం ఉండదు. పంపులు ఆపి నీరు పూర్తిగా నిలిచాక, అడుగు చదునుగా ఉన్న పలచటి గాజు గిన్నెను నీటి మీద ఆనించి దానిలోంచి చూడండి. అలలు పోయి, కిటికీలోంచి చూసినట్టుంటుంది. ఫోనుకు మెడతాడు తగిలించుకోండి. ఎందుకని అడగవద్దు.

ఫ్లాష్ వాడవచ్చా?

వాడితే కోరల్ పగటి రంగు వస్తుంది, నీలి లైటు కింది మెరుపు మొత్తం పోతుంది. ముందునుంచి వేస్తే అద్దం మీద తెల్ల మచ్చ కూడా. అవసరమైతే కెమెరా నుంచి విడదీసి పైనుంచి వేయండి. నాకు అవసరం పడలేదు.

## రంగు దిద్దేటప్పుడు

డబ్బు పెట్టకుండా ఏ యాప్‌తో చేయవచ్చు?

ఫోనులో స్నాప్‌సీడ్ రా ఫైళ్లను తెరుస్తుంది, ఉచితం. కంప్యూటర్‌లో డార్క్‌టేబుల్, రాథెరపీ రెండూ ఉచితం, రెండూ పెద్ద పనిమంతులు. లైట్‌రూమ్ సులువు. దేనితో చేసినా ట్యాంకు ఎదురుగా, లైటు వెలుగుతుండగా కూర్చుని దిద్దండి. మర్నాడు గుర్తున్న రంగు ఎప్పుడూ అసలు దానికన్నా పదునుగా ఉంటుంది.

ఏ పని ముందు, ఏది తర్వాత? ఒక ఫోటో మీద చూపండి.

మొన్నటి ఫోటో తీసుకుందాం. రూపాయి బిళ్లంత జోవాంథిడ్ గుంపు, పదకొండు పోలిప్‌లు. అంచు కుచ్చులు లేత పచ్చ, మధ్య బిళ్ల నారింజ, నోరు పసుపు గీత. లైటు నీలం 70, తెలుపు 30. రా ఫైలు తెరిస్తే అంతా నీలిమందులో ముంచి తీసినట్టుంది.

మొదట టెఫ్లాన్ పైపు ఉన్న ఫోటోలో డ్రాపర్‌ను (ఏది తెలుపో యాప్‌కు చూపే పనిముట్టు) టేపు మీద నొక్కాను. కెల్విన్ అంకె ఒక్కసారిగా 30,000 దాటింది. పైపు బూడిద రంగుకు వచ్చింది, పోలిప్‌ల మధ్య నారింజ బయటపడింది. కానీ తలెత్తి ట్యాంకు చూస్తే పైపు అంత బూడిదగా లేదు, పలచటి నీలం తగిలి ఉంది. కన్ను కూడా నీలాన్ని పూర్తిగా మరిచిపోదు. అందుకని స్లైడర్‌ను కాస్త వెనక్కి, పైపు మీద ఆ పలచటి నీలం కనిపించేంత వరకు తెచ్చాను. చాలామంది ఇక్కడ ఆగకుండా పైపును పాలతెలుపు చేసేస్తారు. నారింజ కాస్తా ఇటుక రంగు అయిపోతుంది.

రెండోది వెలుగు. ఒక స్టాపు తగ్గించి తీశాను కాబట్టి అంత ఎత్తాను. మూడోది, రంగులవారీ స్లైడర్లలో నీలం ఒక్కదాని శాచురేషన్ (రంగు గాఢత) పదిహేను తగ్గించాను. వెనక రాయి మీది నీలి పొగ పోయింది, పచ్చ కుచ్చులు విడివిడిగా తేలాయి. నాలుగోది ఏమీ లేదు. పచ్చను, నారింజను ముట్టుకోలేదు. మొత్తం నాలుగు నిమిషాలు. పది నిమిషాలు దాటుతోందంటే తీయడంలోనే ఏదో తప్పిందని అర్థం, మళ్లీ తీసుకోవడం తేలిక.

నీలం తగ్గించబోతే వంగపండు రంగు వచ్చేసింది.

కడియం నర్సరీల్లో శంఖుపూలు ఫోనుతో తీసినవాళ్లకు ఈ గొడవ కొత్త కాదు. వెచ్చదనం పెంచితే ఎరుపు పెరుగుతుంది, మిగిలిన నీలంతో కలిసి ఊదా అవుతుంది. టింట్ స్లైడర్‌ను (పచ్చకూ ఊదాకూ మధ్య జరిగేది) పచ్చ వైపు కొంచెం జరపండి. చాలకపోతే రంగులవారీ స్లైడర్లలో ఊదాను మాత్రం తీసుకుని దాని హ్యూను (ఛాయను) నీలం వైపు నెట్టండి. రాళ్ల మీద పెరిగే కోరలైన్ నాచు నిజంగానే ఊదా. అదీ నీలంగా మారిపోతే ఎక్కువ నెట్టారన్నమాట.

శాచురేషన్ ఎంత పెంచవచ్చు?

సున్నా. నన్నడిగితే అంతే.

ఎర్ర కోరల్ మీద రవ్వ చల్లినట్టు గింజలు వస్తున్నాయి.

నీలి లైటు కింద ఎరుపు చానల్‌కు అందేది చాలా తక్కువ. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో ఎత్తినప్పుడు దానితోపాటు సెన్సరు సొంతంగా కలిపే గింజలూ (నాయిస్) పైకి లేస్తాయి. ట్రైపాడ్ మీద షట్టర్ నెమ్మది చేసి ఎక్కువ వెలుగు పోగుచేయండి, తెలుపు పాలు పెంచండి. పోలిప్‌లు కదలకపోతే నాలుగు ఫోటోలు వరుసగా తీసి సగటు చేసినా గింజలు సగానికి తగ్గుతాయి.

నా ఫోనులో బాగుంది, మిత్రుడి ఫోనులో వేరేగా ఉంది. ఏది నమ్మాలి?

ఫోన్ల తెరలు చాలావరకు కొన్న రోజునుంచే రంగులు పెంచి చూపే మోడ్‌లో ఉంటాయి. డిస్‌ప్లే సెట్టింగులో సహజం అన్నదానికి మార్చి, వెలుగు సగంలో పెట్టి, అప్పుడు దిద్దండి. రాత్రిపూట కళ్లకు హాయి అని తెరను పసుపు చేసే సౌకర్యం ఆపేయండి. నేను ఒకసారి అది వెలుగుతుండగానే ముప్ఫై ఫోటోలు దిద్ది, పొద్దున్నే చూసుకుంటే అన్నీ మంచుకొండల్లా నీలంగా ఉన్నాయి.

ఫైలును ఎస్ఆర్‌జీబీ అనే రంగుల పరిధిలో ఎగుమతి చేయండి, అన్ని తెరలకూ అర్థమయ్యేది అదే. అయినా కొన్ని మెరిసే పచ్చలు, నారింజలు ఆ పరిధిలో పట్టవు. అక్కడ రంగు కొంచెం చప్పబడుతుంది, ఒప్పుకోవలసిందే. మెసేజీ యాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపితే నలగకుండా చేరుతుంది.

## ఫోటో తయారయ్యాక

అమ్మేవాళ్లు పెట్టే ఫోటోల్లో రంగు నిజమో కాదో ఎలా పోల్చుకోవాలి?

కోరల్‌ను చూడకండి, దాని చుట్టూ ఉన్నవి చూడండి. క్లౌన్ చేప ఫ్రేములో ఉంటే దాని తెల్ల పట్టీ ఏ రంగులో ఉంది? ఇసుక ఏ రంగులో ఉంది? ముక్కను అంటించిన సిమెంటు బిళ్ల ఊదాగా వెలిగిపోతుంటే ఆ కోరల్ వెలుగు కూడా సగం స్లైడర్‌దే. చేపల నారింజ ఎర్రబడి ఉంటే ఎరుపు తిప్పారన్నమాట. నిరుడు ఒక ఫోటో చూసి అరచేతిలో ఇంద్రధనుస్సు వస్తోందనుకుని ఒక ముక్క తెప్పించుకున్నాను. సంచి విప్పితే చింతపండు రంగు. నెల తర్వాత కాస్త పచ్చ తిరిగింది, ఇంద్రధనుస్సు మాత్రం రాలేదు. ఇప్పుడు కొనేముందు తెల్ల లైటు కింద ఒకటి, నీలి లైటు కింద ఒకటి, దిద్దని ఫోటోలు అడుగుతున్నాను. ఇవ్వనివాళ్ల దగ్గర కొనడం లేదు.

కోరల్ బాగుందో లేదో ఫోటోలతో తెలుస్తుందా?

తెలుస్తుంది, ప్రతిసారీ ఒకేలా తీస్తే. పదిహేను రోజులకు ఒకసారి, అదే లైటు శాతం, అదే దూరం, అదే షట్టర్, పక్కన అదే టెఫ్లాన్ ముక్క. ఆటో అన్నది ఏదీ వద్దు. స్టూలు కాళ్లు ఎక్కడ పెట్టానో నేల మీద సుద్దతో గీసుకుంటాను. కోరల్ కండలో నివసించే గోధుమరంగు నాచుకణాలు తగ్గితే అది పాలిపోతుంది, మరీ పెరిగితే ముదురు గోధుమ అవుతుంది. రోజూ చూసే కంటికి ఆ మార్పు తెలియదు. మొన్న మే ఎండల్లో నీటిని చల్లబరిచే చిల్లర్ సరిగ్గా పనిచేయడం లేదని నాకు మొదట చెప్పింది థర్మామీటర్ కాదు, రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టినప్పుడు హామర్ కోరల్ కొసల్లో కనిపించిన తేడా.

వానాకాలంలో లెన్సుకు బూజు పడుతోంది. బియ్యం డబ్బాలో పెడితే సరిపోతుందా?

బియ్యం వద్దు, తవుడు దుమ్ము లెన్సులో దూరుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టండి. జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా ట్యాంకు దగ్గరికి తెస్తే అద్దం చెమరుస్తుంది. సంచిలోనే అరగంట ఉంచి తర్వాత బయటికి తీయండి.

కెమెరా మీద ఉప్పునీటి చుక్కలు పడ్డాయి. తుడిచేశాను, చాలా?

పొడిగుడ్డతో తుడిస్తే నీరు పోతుంది, ఉప్పు ఉంటుంది. మంచినీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో రెండుసార్లు తుడిచి, తర్వాత పొడిగుడ్డ వాడండి. చార్జింగ్ రంధ్రంలో పడితే పూర్తిగా ఆరే దాకా వైరు పెట్టకండి.